అక్క గీసిన బతుకమ్మ

కొత్త కాగితాల కట్ట విప్పితే ఒక వాసనొస్తది. మొన్న ఆదివారం సంగారెడ్డిల ఉన్న చిన్న బొమ్మల మ్యూజియం గడప దాటంగనే ఆ వాసన ముక్కుకు తాకి, నన్ను పటాన్‌చెరుల మా కిరాయింటి అరుగు మీద కూసోబెట్టింది. నాయన మందుల ఫ్యాక్టరీల ప్యాకింగ్ పని చేసెటోడు. గోలీల డబ్బాలల్ల మడిచిపెట్టే సన్నకాగితాలు, అచ్చు చెడిపోయినయి, సంచి నిండ తెచ్చెటోడు. వానలు తగ్గి తంగేడు పూసే రోజులల్ల, లోపల అమ్మ రొట్టెలల్ల బెల్లం కలిపి మలీద ముద్దలు కడుతుంటే, అరుగు మీద మా యాదక్క ఆ కాగితాల మూలల పెన్సిల్‌తో ఆడోళ్లను గీసేది, ఒకదాంట్ల జెర వంగినట్టు, దాని కింది దాంట్ల జెర లేచినట్టు. గీసినంక కట్ట అంచును బొటనవేలితోని టపటప వదిలితే ఆడోళ్లంత చప్పట్లు కొట్టుకుంట బతుకమ్మ చుట్టు తిరిగెటోళ్లు. వాడకట్టు పిల్లలం మలీద చేతులు లాగులకు తుడుసుకొని మీద మీద పడి చూసెటోళ్లం.

అక్క గీసేది, నేను తినేది. అంతే నా పని.

కాని కోతలు కొయ్యకుంటే నాకు అన్నం అరగదు. ఆ బొమ్మలు నేనే గీసిన్నని, నేను గీసిన పిట్ట ఒకటి కాగితంలకెల్లి లేచి బీరంగూడ గుట్ట దాక ఎగిరిపోయిందని నా బిడ్డ హర్షితకు ఎన్నేండ్ల సందో చెప్పుకుంట వచ్చిన. పిల్ల నమ్మింది.

మొన్న మ్యూజియంకు హర్షితతోని పాటు అక్కను గూడ వెంట తీసుకపోయిన. లోపల కదిలే బొమ్మల ప్రదర్శన పెట్టిండ్రు. చీలికలున్న డబ్బాను తిప్పి కన్ను ఆనిస్తే లోపల కోతి గంతులేస్తున్నది. హర్షిత ఉరికిపోయి, అన్నీ చూపిస్తున్న మేడంతోని మా డాడీ చిన్నప్పుడే ఇవన్ని చేసిండని చెప్పింది. ఆమె సంబురపడి కాగితాల కట్ట, పెన్సిల్ నా చేతుల పెట్టింది. పిల్లలు చుట్టు మూగిండ్రు. నేను గీసిన మొదటి మనిషి మునక్కాయ లెక్క వచ్చింది. రెండోది ఇంక అన్యాయం. హర్షిత ఒకసారి కాగితం దిక్కు, ఒకసారి నా మొఖం దిక్కు చూస్తున్నది.

"ఇటియ్యి తమ్మీ," అన్నది అక్క. "కండ్లద్దాలు మరిసి వచ్చినవ్, నీకేం కనవడ్తది? నువ్వు చెప్పు, నేను గీస్త."

అద్దాలు నా జేబులనే ఉన్నయి. ఇంకింత లోపలికి నూకిన.

నేను చెప్పిందేం లేదు. అక్క వంచిన తల ఎత్తకుంట గీసింది. కట్ట వదలంగనే ఆడోళ్లు వంగిండ్రు, లేచిండ్రు, చప్పట్లు కొట్టిండ్రు.

"అత్తమ్మా, నీకు డాడీ నేర్పిండా?" అన్నది హర్షిత.

అక్క నా దిక్కు చూడలే. "అవునే. ఇంకెవరు నేర్పుతరు?"

అబద్ధాలకోరని ఎవలన్నా నవ్వి ఊకునేటోన్ని, ఆ ఒక్క మాటకు తల ఎత్తలేకపోయిన. మేడం ఆ కట్టను గోడకు తగిలిచ్చి, కింద ఎవరి పేరు రాయాలని అడిగితే, అక్కనే ముందుగాల నా పేరు చెప్పింది. మేడం అదే రాసింది.

అప్పటి కాగితాలన్ని అమ్మ పొయ్యిలకే పోయినయి. అరుగున్న కాడ ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం, మలీద మిఠాయి దుకాణంల డబ్బాలకెక్కింది. అక్క చేతి బొమ్మ ఈ లోకంల ఆ ఒక్కటే మిగిలింది, దాని కింద నా పేరుంది.