గండభేరుండం ముద్రపడిన హాఫ్ టికెట్టు

మా కడగొట్టు చెల్లెలు రమణమ్మ రైలెక్కి లేని దేశానికి వెళ్లిపోయింది. రాయచోటిలో ఈ మాట అంటే రిటైరయ్యాక కండక్టరుకు మతి చెడిందంటారు. అందుకే ఎక్కడెక్కడ ఏ బస్సెక్కానో, ఏ టైముకు దిగానో, చూసింది చూసినట్టు రాస్తున్నాను. నమ్మకపోతే వెళ్లి చూసుకోండి.

రమణమ్మ ఏడేళ్లుగా కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. ఎండలు ముదిరితే అక్కడి కలిగినవాళ్లు యూరప్ పోతారు, పిల్లల్ని చూసుకోవడానికి పనిమనుషుల్ని కూడా తీసుకుపోతారు. వెళ్లింది ఏ దేశమో ఆ ఆడవాళ్లకు తెలియదు. పాస్‌పోర్టులన్నీ యజమానురాలి సంచిలోనే ఉంటాయి. పోయిన ఎండాకాలం అందరూ వెళ్లారు, రమణమ్మ తప్ప అందరూ తిరిగొచ్చారు. ఆమె కూతురు లావణ్య మా ఇంట్లోనే పెరుగుతోంది. తండ్రి లేడు. పదకొండేళ్ల పిల్ల రోజూ ఒకటే మాట: "అమ్మనన్నా తీసుకురా, నన్నన్నా తీసుకుపో పెద్దమామా."

నెల కిందట, రమణమ్మతో కలిసి పనిచేసే ఓబులమ్మ ఫోన్ చేసింది. రమణమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందట. తనకు చదవడం రాదు కాబట్టి ఫోటో తీసి పంపింది. నాకు తెల్లకాగితం వచ్చింది. మూడుసార్లు తీసినా తెల్లకాగితమే. ఇంక లాభం లేదని విజిట్ వీసా చేయించుకుని బయల్దేరాను. మా ఆవిడ చెనిక్కాయల పొడి కట్టిచ్చింది. పాత టికెట్టు పంచ్‌ను, డిపోవాళ్లు తుప్పు సామానులో పారేయబోతే తెచ్చుకున్నదాన్ని, పెద్ద సూట్‌కేసులో వేసుకున్నాను. అది దగ్గర లేకపోతే నాకు ప్రయాణం చేసినట్టుండదు.

గురువారం సాయంత్రం నాలుగున్నరకు కువైట్‌లో దిగాను. మా ఊరి సుబ్బరాయుడు అక్కడ డ్రైవరు. అబూ హలీఫాలో తన గదికి తీసుకుపోయాడు. ఒక గదిలో నలుగురు. సంగటి చేసి పెట్టారు, కడుపునిండా తిన్నాను. రమణమ్మ సంగతి ఎత్తేసరికి మిగతా ముగ్గురూ తలలు దించుకుని తిన్నారు.

"పారిపోయినోళ్లను చూసినాం అన్నా. వాళ్లు ఏదో ఒక నంబరు నుంచి ఫోనన్నా చేస్తారు. ఈయమ్మది అట్ల లేదు," అన్నాడు సుబ్బరాయుడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదీ పదికి బస్సెక్కాను. టికెట్టు మూడొందల ఫిల్సులు. ఒకచోట మారి, పదిన్నరకు ముబారక్ అల్ కబీర్‌లో దిగి రమణమ్మ పనిచేసిన ఇంటికి నడిచాను. అన్నీ ఇసుక రంగు ఇళ్లే. వీధిలో మనిషి అలికిడి లేదు, ఏసీల మోత తప్ప. పక్కగేటు దగ్గర ఓబులమ్మ నిలబడి ఉంది. నన్ను చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ పొద్దు రైల్లో పోతాంటిమి అన్నా. నడమ ఒక టేసను వచ్చె. చంటిబిడ్డ పాలసీసా ఎనక డబ్బాలో మర్చిపోతే, తెచ్చానని రమణమ్మ పాయె. ఆడ రైలును రెండుగా ఇడగొడతారంట. ముందు డబ్బాలు ఒక పక్కకు, ఎనక డబ్బాలు ఇంకో పక్కకు. కిటికీలోనుంచి నేను చూస్తానే ఉండా. సీసా ఎత్తి చూపిచ్చి నగింది. ఆ డబ్బాలు అట్నే మంచులోకి పాయె."

"ఎండాకాలంలో మంచేంది?"

"అదే గదన్నా నేనూ అంటాండేది!"

ఇంతలో యజమానురాలే బయటికి వచ్చింది. పనివాళ్లు ఆమెను మామా అంటారు. గొడవ పడడానికి గట్టిగా సిద్ధపడి వెళ్లినవాణ్ణి, ఆమె ముఖం చూశాక నమస్కారం పెట్టాను. ఆమె చేతిలో రమణమ్మ పాస్‌పోర్టు ఉంది. అరబ్బీలో చెబుతుంటే ఓబులమ్మ తెలుగు చేసింది.

"అన్ని టేసన్లకూ ఫోన్ చేసినాదంట. పోలీసుల కాడికీ పోయినాదంట. ఆ రైలుకు ఎనక డబ్బాలే లేవు, ఆడ రైలును ఇడగొట్టేదే లేదు అన్నారంట. మామా ఇప్పటికీ నిద్దర పోదు అన్నా."

ఆమె పాస్‌పోర్టు నా చేతిలో పెట్టి, "ఖలాస్," అంది. అయిపోయిందని.

ఓబులమ్మ ఇచ్చిన కవరు తీసుకుని గోడ నీడలో కూర్చున్నాను. కవరు మీది తపాలా బిళ్లపై రెండు తలల పక్షి, అచ్చం మన గండభేరుండం. లోపల రమణమ్మ చేతిరాత స్పష్టంగా ఉంది. ఫోటోలో రానిది కళ్లకు ఎలా కనబడిందో నన్నడగొద్దు.

"అన్నా, నేను బాగుండా. ఈడ తొమ్మిది రాష్ట్రాలు, తొమ్మిది బాసలు, అందరికీ ఒకే రాజు. నోటు మీద తొమ్మిది బాసల్లో రాసింటారు, మన పదిరూపాయల నోటు మాదిరి. నూరేండ్లకు ముందర ఒక యువరాజు కార్లో పోతాంటే డ్రైవరు దారి తప్పకుండా నేరుగా పోయినాడంట. ఆ పొద్దును ఈడ పండగ చేస్తారు. పెద్ద యుద్ధం ఈడ రాలేదంటన్నా. ఒక ముసలామె ఇంట్లో వంట చేస్తాండా. నా కాగితాలు నా కాడనే ఉండాయి. నేను వచ్చిన టికెట్టు పంపుతాండా, నువ్వు చూస్తే నిజమో కాదో తెలుసుకుంటావు. పాపకు ఒక హాఫ్ టికెట్టు పెట్టినా. పన్నెండు నిండినాక అది చెల్లదు."

ఆ యువరాజు సంగతి నేను పదో తరగతిలో చదువుకున్నదే. మన లోకంలో డ్రైవరు దారి తప్పాడు, యువరాజును కాల్చేశారు, మొదటి ప్రపంచయుద్ధంలో దేశాలకు దేశాలు కాలిపోయాయి, ఆ రాజు రాజ్యం ముక్కలైపోయింది. ఒక్క మలుపు! డ్రైవరు పక్కన ముప్పైమూడేళ్లు తిరిగినవాణ్ణి, ఆ వాక్యం మళ్లీ మళ్లీ చదివాను.

ఇక టికెట్లు. దొంగ టికెట్టును నేను వేలితో తడిమి చెబుతాను. రమణమ్మ టికెట్టు అసలుదే. ఎక్కిన స్టేజీ దగ్గర రంధ్రం, మధ్యలో చెకింగ్‌వాడి గీత, జేబులో నలిగిన మడత, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఆ చెకింగ్ గీత పెట్టాలని అబద్ధం సృష్టించేవాడికి తోచదు. రెండోది పిల్లల టికెట్టు, దానిమీదా అదే గండభేరుండం ముద్ర, దానికింకా పంచ్ పడలేదు.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్న జగిత్యాల అబ్బాయికి టికెట్టు చూపించి, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న స్టేజీల పేర్లు ఫోన్‌లో వెతకమన్నాను. వెతికాడు.

"ఊర్లన్నీ ఉన్నయే అన్నా. గని ఒక్క దేశంల లేవు. నాలుగు దేశాలల్ల ఉన్నయ్. గిట్ల సక్కగ పోయే రైలు యాడ లేదు." టికెట్టు తిరిగిస్తూ వేళ్లు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "సల్లగున్నదేందే గిది?"

నిజమే. బయట నిప్పులు చెరిగే ఎండ, కాగితం మాత్రం మంచుముక్కలా ఉంది.

శనివారం అక్కడ సెలవు, ఆదివారం నుంచి మూడు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఏ దేశంలో తప్పిపోయిందో రాయమని కాగితం ఇచ్చారు. ఆ గడి నింపలేకపోయాను. బుధవారం విమానమెక్కి, గురువారం తెల్లారి బెంగళూరులో దిగాను. ఏడుంబావుకు మన బస్సు. కిటికీ సీటు దొరికింది, మదనపల్లెలో రెండు ఇడ్లీలు తిన్నాను. పాపకు టికెట్టు ఇవ్వాలా, చించేయాలా అన్నదే ఆలోచన. ఇస్తే పిల్ల నాకు దక్కదు. చించితే తల్లికి దక్కదు. సూట్‌కేసులోంచి పంచ్ తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ బరువు ఉంటే నాకు ఆలోచన సాగుతుంది.

గుర్రంకొండ దాటాక కండక్టరు వెనకనుంచి, "టికెట్, టికెట్," అని అరిచాడు. అంతే. ఎడమచేతిలోని టికెట్టు పైకి లేచింది, కుడిచేయి పంచ్ నొక్కింది. నేను అనుకుని చేసింది కాదు, ముప్పైమూడేళ్లు చేసిన చేయి చేసింది. టక్కుమంది. హాఫ్ టికెట్టు మీద మొదటి స్టేజీ దగ్గర గుండ్రటి రంధ్రం. పంచ్ పడిన టికెట్టుకు ప్రయాణం మొదలైనట్టే లెక్క.

పన్నెండున్నరకు రాయచోటి. బస్టాండులో లావణ్య ఒక్కతే నిలబడి ఉంది. తల దువ్వుకుని, రెండు జడలు వేసుకుని, ఈ ఎండలో స్వెట్టరు తొడుక్కుంది. బడిసంచి నిండా బట్టలు. ఇంట్లో నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, ఫోన్‌లో కూడా.

"ఇంటికి పోదాం పద," అన్నాను.

"రైలు ఎన్నిగంటలకు పెద్దమామా?" అంది. "ఇందాక కూత ఏసింది. ఒకటే సారి."

రాయచోటికి రైలు లేదు.

ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నది ఒక్కటే. ఎవరో ఎప్పుడో మలుపు తిరిగిన పాపానికి తల్లీబిడ్డలు వేర్వేరు పట్టాల మీద పడతారు, కాగితాలు చూసేవాళ్లకు ఆ పట్టాలే కనిపించవు. నా నౌకరీలో ఒకరి టికెట్టు నా జేబులో ఉంచుకున్న పాపాన పోలేదు. తీసి పాప చేతికిచ్చాను. రంధ్రం చూసుకుని నవ్వింది, అచ్చం రమణమ్మ నవ్వు. రెండో చేతిని మాత్రం నేను వదల్లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా పాప నా పక్కనే ఉంది. ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో రాస్తున్నాను.