వానల నెల పింఛన్ల పుస్తకం

ఆ రోజుల్లో అంటే మరీ పాత రోజులేమీ కావు, ఐదారేళ్ల కిందటివి; అయినా అప్పటి నన్ను తలచుకుంటే ఎవరో దూరపు చుట్టాలమ్మాయి సంగతి చెబుతున్నట్టే ఉంటుంది. చంద్రగిరి దగ్గర ఒక పల్లె సచివాలయంలో కొత్తగా ఉద్యోగం. పింఛన్లు పంచడం నా పని. నగరిలో మగ్గం నేసే మా నాయన నా సంగతి ఎవరికైనా చెప్పేటప్పుడు ‘గవర్నమెంటు’ అన్న మాట దగ్గర కొంచెం ఆగి, గొంతు సవరించుకుని మరీ పలికేవాడు. ఆ ఏడు వానలకు కరెంటు పోయి వేలిముద్రల మిషను మూగబోయింది. అందుకని ఒక పుస్తకంలో పేర్లు రాసి, ముసలివాళ్ల చేత సిరా వేలిముద్రలు వేయించుకుని, మోకాటిలోతు నీళ్లలో ఇల్లిల్లూ తిరిగి పింఛన్లు ఇచ్చాను. (నా జీవితంలో చేసిన ఒకే ఒక్క సాహసం అదేనని అందరికీ చెప్పుకునేదాన్ని.)

మూడు నెలల తర్వాత ఒక కాగితం వచ్చింది. వానల నెలలో పింఛన్లు ఇచ్చినట్టు ఆధారాలు లేవని ఫిర్యాదు అందిందట, శుక్రవారం విచారణాధికారి వస్తారట, పుస్తకం చూపాలట. బీరువా తెరిచాను. పుస్తకం లేదు. బల్ల సొరుగుల్లో లేదు, ఓటర్ల జాబితాల కట్టల్లో లేదు, చివరికి బాత్‌రూమ్ అటక మీద కూడా లేదు. మా కార్యదర్శిని మేమంతా రూల్సు సార్ అనేవాళ్లం. ఆయన నా ముఖం చూసి తలుపు దగ్గరగా వేశాడు. “పుస్తకం లేదంటే దుడ్లు నువ్వే తినేసినావంటారు పాపా. ఉద్యోగం పోతే పోనీ, కేసు పెడితే ఏం సేస్తావు? ఇంకో పుస్తకం తెచ్చుకుని మళ్లా ముద్రలేయించుకో. ఎవురికి తెలస్తాది” అన్నాడు. ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆయన, “నువ్వు తీసినావా?” అన్నాడు. లేదన్నాను. “అట్లయితే అన్నం తిని పడుకో” అన్నాడు. తినలేదు, నిద్రా పోలేదు. పోలీసు జీపు ఎక్కేటప్పుడు ఏ చీర కట్టుకుంటే బాగుంటుందా అని కూడా ఆలోచించాను.

మర్నాడు కొత్త పుస్తకం, సిరా పెట్టె సంచిలో వేసుకుని బయల్దేరాను. మొదటి ఇల్లు ఆకువక్క అవ్వది. (నోట్లో తమలపాకు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు.) వేలు ముద్ర వేయమంటే అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. “ఆ వానలో ఏసినా కదమ్మే. మళ్లా ఏంటికి? ఇంకోసారి దుడ్లిస్తావా?” అంది. నోట అబద్ధం రాలేదు, ఏడుపొచ్చింది. మెట్టు మీద కూలబడి ఉన్నదంతా చెప్పేశాను. అవ్వ నా సంచి లాక్కుని, పుస్తకం తీసి పొయ్యి పక్కన కట్టెల మీద పడేసింది. “దొంగ ముద్రలొద్దు. ఆ ఆపీసరొచ్చినప్పుడు నేనొచ్చి చెప్తా” అంది.

శుక్రవారం వచ్చిన అధికారి సన్నటి ఆడమనిషి, గొంతు చాలా మెత్తన. ఆ మెత్తదనమే నా నోరు తెరిపించింది. ఆమె “కూర్చోండి” అనగానే, పుస్తకం పోయిందని, దొంగ ముద్రలు వేయించబోయానని, సచివాలయం స్టాప్లరు నేను అద్దెకుంటున్న గదిలో ఉందని కూడా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. (రూల్సు సార్ కిటికీలోంచి కొబ్బరిచెట్టును పరీక్షగా చూస్తున్నాడు.) ఆమె ఇంకా పెన్ను మూత తీయలేదు. అంతలో రెండు ఆటోల నిండా అవ్వలు దిగారు. ఒక్కొక్కరే ముందుకొచ్చి, “ఇచ్చింది తల్లీ, నీళ్లల్లో నడిసొచ్చి ఇచ్చింది” అని చెప్పారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చివరగా ఆకువక్క అవ్వ వంతు. “రెండుసార్లు ఇచ్చింది” అంది గట్టిగా. ఒకే నెల పింఛను రెండుసార్లా అని అధికారి అడిగింది. “ఒకతూరి వానలో, ఇంకోతూరి ఎండలో” అంది అవ్వ. తర్వాతి నెల పింఛనును కూడా కలిపి చెబుతోందని అధికారికి అర్థమయ్యేదాకా నేను కుర్చీ చేతిని వదల్లేదు.

అవ్వల మాటలన్నీ రాసుకుని ఆమె వెళ్లిపోయింది. మూడు వారాలు ఫోను మోగితే చాలు ఉలిక్కిపడ్డాను. తర్వాత మండలాఫీసులో, కూలిన ఇళ్ల నష్టం కాగితాల కట్ట మధ్య పుస్తకం దొరికింది. ఆ కట్టను పంపింది నేనే. ఏమేం పంపుతున్నానో రాసిన పై కాగితం మీద పింఛన్ల పుస్తకం పేరూ ఉంది, కింద నా సంతకమూ ఉంది. ఆ రోజు ముందు పెట్టిన కాగితాలన్నిటి మీదా చూడకుండా సంతకాలు చేసేశానన్నమాట.

నాకు శిక్ష ఏమీ లేదు, ఒక మెమో మాత్రం వచ్చింది. మండలాఫీసు గుమాస్తా దాన్ని ఇస్తూ, అందినట్టు రెండు ప్రతుల మీదా సంతకం పెట్టమన్నాడు. ఉద్యోగం నిలిచిన సంతోషంలో గబగబా పెట్టేశాను. ఆయన నవ్వాపుకుంటూ, “ఇప్పుడన్నా సదువుమ్మా” అన్నాడు. ఇకమీదట ఏ కాగితాన్నయినా పూర్తిగా చదివిన తరువాతే సంతకం చేయవలెనని అందులో ఉంది. ఆ మెమో ఇప్పటికీ నా దగ్గరుంది. అప్పుడప్పుడూ తీసి చూస్తాను. సంతకంలో చివరి అక్షరం సంతోషం పట్టలేక కాగితం అంచు దాటి పోయి ఉంటుంది.