మాట అందించే ఆవిడ

నాటకాల కంపెనీ మూతపడేదాకా ఆవిడ పని తెర పక్కన నిలబడి, మాట మరిచిపోయిన నటులకు గుసగుసగా అందించడం. అందరూ ప్రాంప్టరమ్మ అనే పిలిచేవారు. ఎంత పేరున్న నటుడైనా తెల్లమొహం వేశాడంటే, చూసేవాళ్లు పసిగట్టేలోపే మాట వాడి చెవిన పడేది. అదీ ఆవిడ పనితనం!

తరవాత ఒక లాండ్రీ వెనక గదిలో, ఆ ఊరికి కొత్తగా వచ్చిన పనివాళ్లకు సాయంత్రాలు అక్కడి భాష మాట్లాడటం నేర్పడం మొదలుపెట్టింది. వాళ్లకు మాటలు రాక కాదు, నోరు విప్పాలంటే భయం. ఎవరైనా తడబడితే చాలు, ఆవిడకు నాలుక దురద. "నీళ్లు... అదే..." అనగానే "కాగాయి!" అని అందించేసేది. పాపం, మంచికే. వాళ్లేమో హమ్మయ్య అనుకుని నోరు మూసుకునేవారు.

అందరిలోకీ భయస్తురాలు ఇస్త్రీ చేసే అమ్మాయి. ఏమడిగినా "సరే" అనేది. ఆమె కొడుకు బడిలో పిలిస్తే పలకడం లేదనీ, కింది తరగతికి దింపేస్తామనీ కబురొచ్చింది. తోడుగా ప్రాంప్టరమ్మే వెళ్లింది.

"మీవాడు ఎందుకు పలకడు?" అని అడిగింది హెడ్ మేడమ్.

"వాడికి... వాడికి..." అంది ఇస్త్రీ అమ్మాయి.

"సిగ్గండీ! కొత్త కదా," అని అందించేసింది ప్రాంప్టరమ్మ.

ఇస్త్రీ అమ్మాయి ఆవిడ వంక చూసి, తల దించుకుని, "సరే" అంది. మర్నాడు వాణ్ణి తనకన్నా చిన్నవాళ్ల మధ్య కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఏడ్చింది తల్లి. "సిగ్గు కాదు పిన్నీ. వాడికి ఈ చెవి... వినపడదు. చిన్నప్పుడు జ్వరం," అంటూ తన ఎడమ చెవి మూసి చూపించింది.

ప్రాంప్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. నాటకంలో ఎవరేం అనాలో చేతిలో కాగితం మీద ఉండేది. ఈ తల్లి మనసులో మాట ఏ కాగితం మీద ఉంది గనక?

"రేపు పొద్దున్నే పోయి నేను చెప్పేస్తానే!"

"వద్దు. నేను చెప్పాలి. నా కొడుకు."

మర్నాడు ఇద్దరూ మళ్లీ అదే గదిలో నిలబడ్డారు. ఇస్త్రీ అమ్మాయి నోరు తెరిచింది, మూసింది. హెడ్ మేడమ్ విసుగ్గా ప్రాంప్టరమ్మ వంక చూసింది. మాట ఆవిడ నాలుక చివర గంతులేస్తోంది! చేతిరుమాలు నోట్లో కుక్కుకుని కిటికీ వైపు తిరిగిపోయింది.

"వాడికి... ఎడమ చెవి వినపడదు. మొద్దు కాదు. ముందు కూర్చోబెట్టు. కుడి చెవి నీ వైపు. అప్పుడు పిలువు. పలుకుతాడు."

మాటల్లో మర్యాద తప్పింది. అయితేనేం! హెడ్ మేడమ్ పిల్లాణ్ణి పిలిపించింది. ఎడమవైపు నిలబడి మెల్లగా పిలిస్తే వాడు గోడమీది బొమ్మ చూస్తూ ఉండిపోయాడు. కుడివైపుకొచ్చి అంతే మెల్లగా పిలిచింది.

"ఆఁ మేడమ్!" అన్నాడు ఠక్కున.

"అయ్యో, మొన్ననే చెప్పొద్దూ! పద నాన్నా, నీ క్లాసుకు," అని వాడి చెయ్యి పట్టుకుంది హెడ్ మేడమ్.

బయట మెట్ల దగ్గర ప్రాంప్టరమ్మ ఆగిపోయింది. "ఆ రోజు... నేనే... నేను..." ఇన్నేళ్లూ ఊరందరికీ మాట అందించిన మనిషికి తన మాటే అందలేదు.

ఆ మాటేమిటో ఇస్త్రీ అమ్మాయికి తెలుసు. అయినా అందించలేదు. మెట్టు మీద కూర్చుని, ఆవిడకు పక్కన చోటు చూపించింది.

"నిదానంగా చెప్పు పిన్నీ, వింటాను," అంది.