మంచం కింద టమాటాలు

ఎనభైల్లో పర్చూరు దగ్గర మా ఊళ్లో కోతల పండుగ నాడు ఎవరి తొలిపంట వాళ్లు తెచ్చి చర్చిలో ప్రభువు బల్ల ముందు పెట్టేవాళ్లు. మాది కూలికి పోయే ఇల్లు. పెరట్లో నాలుగు సాళ్ల టమాటాయే మా అత్తయ్య వ్యవసాయమంతా. మాగిన పేడ ఎరువు తప్ప ఇంకోటి పడనిచ్చేది కాదు. "మందు తిన్న కాయ ఒళ్లు చేస్తుందే గానీ నిలవదే" అనేది. ఆమె కాయలు చిన్నవే. దోరగా కోసి మంచం కింద గడ్డిలో పరిస్తే పదిహేను రోజులైనా చెక్కుచెదిరేవి కావు.

ఆ ఏడు ఆమెకు కడుపులో గడ్డ ఉందన్నారు గుంటూరు డాక్టర్లు. "ఈ ఒక్క పండక్కీ నా బుట్ట నేనే మోసుకెళ్లి పెడితే చాలే అమ్మాయ్. తర్వాత ప్రభువు ఎప్పుడు పిలిచినా సరే" అంది.

నేను బళ్లో పంతులమ్మని. అన్నీ నాకే తెలుసని పొగరు. ఆ గోలీకాయలు చూసి నలుగురూ నవ్వుతారని, మావాళ్లు కూలికెళ్లే ఆసామి మిరపచేలో చల్లాక మిగిలిన యూరియా తెచ్చి, ఆమె చూడకుండా మొదళ్ల చుట్టూ చల్లి నీళ్లు పెట్టాను. ఒకసారి కాదు, మూడుసార్లు. నా చేతులు విరిగిపోను!

కాయలు పిడికిలంత అయి నిగనిగలాడాయి. "నా తండ్రే! ఎంత ఆశీర్వాదమే!" అని మురిసిపోయింది పిచ్చితల్లి. నేను మందు వేస్తానని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఎప్పటిలాగే బుధవారం దోరగా కోసి గడ్డిలో పరిచింది.

పండుగ ఆదివారం పొద్దున చూస్తే సగం పగిలి నీరుకారుతున్నాయి. గట్టిగా ఉన్నవి ఏరి, నడవలేక నడవలేక తనే మోసుకెళ్లింది. ఆరాధన ముగిసేసరికి అవీ చితికి, పరిచిన తెల్లగుడ్డంతా రసం కారింది. వెనక ఎవరో ముక్కు మూసుకున్నారు. పాస్టరు అయ్యగారు బుట్ట తీయించి బయట పెట్టించారు.

ఇంటికొచ్చి మంచమెక్కింది, మళ్లీ దిగలేదు.

"కయీను కానుక కూడా దేవుడు ఇట్టాగే వద్దన్నాడు గదే. నేనేం పాపం చేశానే?"

బతికిన నెల రోజులూ నన్నే అడిగింది. అడిగినప్పుడల్లా కాళ్లు ఒత్తుతూ, "నువ్వేం చెయ్యలేదత్తయ్యా" అన్నాను. చేసింది నేనని మాత్రం చెప్పలేదు. ఆమె తనే పాపినని నమ్మి పోయింది.