రిపోర్టులో లేని చెట్టు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల, నేను క్లర్కుగా చేరిన రోజులవి. చర్ల దిక్కు సర్కారు భూమిలో పిల్లలకు సైన్స్ కేంద్రం కట్టాలనుకున్నరు. కడితే అడవికి నష్టమేమన్నా ఉంటదా, చూసి ఫారం నింపుకొని రమ్మని నన్ను పంపిన్రు. ఎండ ముదరకముందే పోయి, ఒక ఇప్పచెట్టుకు ఆనుకొని కూసొని జల్దీ జల్దీ నింపిన. చెట్లు: లేవు. అడవి జంతువులు: లేవు.

పక్కన ఇప్పపూలు ఏరుతున్న ముసలమ్మ "ఏంది సారూ రాస్తున్నవ్?" అంటే చదివి వినిపించిన. ఆమె కింద ఇంకా పూలుండంగనే గంప ఎత్తుకొని నడిచింది.

"అవి ఏరుకోవా అమ్మా?"

"మా వంతు అయింది. అవి ఎలుగుబంటివి."

నేను నవ్విన. అంతలనే పొదలు కదిలినయ్. ఫారం నోట్ల పెట్టుకొని చెట్టెక్కిన. ఎలుగుబంటి నింపాదిగా పూలు తిని, నా చెప్పులు వాసన చూసి పోయింది. అది చెట్లు గూడ ఎక్కుతదని అప్పటికి నాకు తెల్వదు.

దూరం నుంచి ముసలమ్మ కేకేసింది: "సారూ, ఇప్పుడన్నా చెట్టున్నదని రాస్తవా?"

కొమ్మ మీదనే రెండు గడులూ కొట్టేసి, మళ్లీ రాసిన. రిటైరయ్యే దాకా నేను స్వయంగా తనిఖీ చేసి రాసిన రిపోర్టు అదొక్కటే.