ఠ ఒత్తు పలికే కంప్యూటర్

మొన్న కూరగాయల సంచితో ఇంటికి వచ్చేసరికి తలుపు సందులో ఒక శుభలేఖ ఇరికించి ఉంది. అప్పడాల పీటంత మందం, బంగారు రంగు అంచు, విప్పితే గుప్పుమని అత్తరు వాసన. ఇంత హంగు చేసి, పెళ్లికూతురిని 'జేష్ట పుత్రిక' అని అచ్చువేయించారు. య ఒత్తు ఎటో ఎగిరిపోయింది, ఠ కాస్తా నీరసించి ట అయిపోయింది. నాకు ఒళ్లు మండింది. మటన్ బిర్యానీలో ఉప్పు తగ్గితే ఫంక్షన్ హాలు పైకప్పు లేచిపోయేలా అరిచే జనం, కన్నకూతురి వరుసలో రెండక్షరాలు తగ్గితే నోరెత్తరేం? ఆ కార్డు మా మేనత్త కంట పడలేదు కాబట్టి సరిపోయింది. పడితే, ఆ పెళ్లి ఆగేదో లేదో గాని, భోజనాలు మాత్రం అప్పుతచ్చులు దిద్దాకే మొదలయ్యేవి.

మా మేనత్తది చిక్కడపల్లిలో డీటీపీ దుకాణం. శుభలేఖలు, కరపత్రాలు, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే పోయేవి. కళ్లు మూసుకుని టైపు చేసేది. ఒక్కోసారి నిద్రలో కూడా చేసేదని మా మామయ్య సాక్ష్యం. ఆవిడ పాత కంప్యూటర్ స్విచ్ వేస్తే, దాని మూలుగుకు నారాయణగూడ పావురాలన్నీ లేచి బర్కత్‌పురలో వాలేవి. నమ్మనివాళ్లు పావురాలనే అడగవచ్చు. కొన్నేళ్ల కింద, శ్రావణమాసం పెళ్లిళ్ల నడుమ, ఒక పొద్దున అది మూలగడం మానేసింది. అప్పుడు చేతిలో ఒక స్టీలు సామాన్ల వ్యాపారి పెద్దకూతురి శుభలేఖ ఉంది. సాయంత్రం ఆయన వచ్చి చూసుకోవాలి, మర్నాడు ప్రెస్సుకు పోవాలి. పోకపోతే ఆయన ఎదురుగా కొత్తగా తెరిచిన ఫ్లెక్సీల దుకాణానికి పోతాడు. ఆయన వెనకే ఆ గల్లీ పెళ్లిళ్లన్నీ పోతాయి. అందుకని అత్త అప్పటికప్పుడు కొత్త కంప్యూటర్ కొనడానికి బయలుదేరింది. తోడు నన్ను లాక్కెళ్లింది. ఒకప్పుడు ఒక బ్యాంకు కంప్యూటర్‌ని నెత్తిన ఒక్కటిచ్చి బాగుచేశానని బంధువులందరికీ చెప్పి ఉన్నాను మరి.

హిమాయత్‌నగర్‌లో ఏసీ దుకాణం. టై కట్టుకున్న సేల్స్ అతను నవ్వుతూ, "ఇంటికా మేడమ్, బిజినెస్‌కా?" అన్నాడు.

"ముందటి గది దుకాణం, ఎనక గది ఇల్లు, నడుమ కర్టెన్ ఉంటది. కర్టెన్‌కు ఏమిస్తవో ఇయ్యి," అంది అత్త.

అతను ర్యామ్ అన్నాడు, ప్రాసెసర్ అన్నాడు, మొహం చూపిస్తే తాళం తీసుకుంటుందన్నాడు, ఎరుపూ నీలమూ లైట్లు వెలిగించి చూపించాడు. నేను నిపుణుడిలా తలాడించాను. అత్త ఒకటే అడిగింది. "జ్యేష్ఠ పుత్రిక అని కొట్టి చూపియ్యి."

అతను టైపు చేయలేదు. మైకు నొక్కి, తెర దగ్గరికి వంగి, పెళ్లిచూపుల్లో అబ్బాయిలా మెల్లగా పలికాడు. తెర మీద 'జేష్ట పుత్రిక' అని వచ్చింది. మళ్లీ పలికాడు. ఈసారి 'జెస్ట్ పుత్రిక'. మా పాత తెలుగు సాఫ్ట్‌వేర్ ఎక్కించమంటే, ఈ మెషీన్ దాన్ని తీసుకోదన్నాడు. పైగా ఓ సలహా పారేశాడు: "పెద్దమ్మాయి అని ఏస్కోండి మేడమ్, సింపుల్‌గ ఉంటది. గివన్ని ఎవరు చూస్తరు?"

అత్త కళ్లజోడు తీసింది. ఆవిడ కళ్లజోడు తీసిందంటే మామయ్య గోడ చాటుకు పోతాడు. "నీ మెషీన్‌కు నోరు తిరగకపోతే నేను ఊరోళ్ల బిడ్డల వరుస మార్చాల్నా? మొగం గుర్తు పడతదట! మొగం గుర్తు పట్టి ఏం చేస్తది, మాట రానిది?"

నాకూ మండింది. చెవుల్లో దద్దరిల్లే ఆటలకు లోపం లేదు, రంగురంగుల లైట్లకు లోపం లేదు, మనిషి తన భాషలో నాలుగక్షరాలు రాసుకుంటానంటే మాత్రం 'సింపుల్‌గా' సర్దుకోవాలా? నేను ఉపన్యాసం మొదలుపెట్టబోతే, "నువ్వు జర నోరు మూయిరా," అని అత్త నన్నూ కలిపి తిట్టింది.

ఆ తిట్ల వేడికో ఏమో, అతను సెట్టింగుల్లో వెతికి వెతికి ఒక తెలుగు కీబోర్డు పట్టాడు. "అక్షరం కొట్టి, పొల్లు కొట్టి, ఇంకో అక్షరం కొట్టండమ్మా. ఒత్తు దానంతటదే వస్తది." మేడమ్ పోయి అమ్మ వచ్చింది.

"పొల్లు పెడితే అక్షరం ఆగుతది గద, కిందికెట్ల దిగుతది?" అని గొణుగుతూనే అత్త కూర్చుంది. కళ్లు మూసుకుని పరిగెత్తిన వేళ్లు ఇప్పుడు ఒక్కో మీట దగ్గరా ఆగి దారి అడుగుతున్నాయి. జ, పొల్లు, య, ఏత్వం. ష, పొల్లు, ఠ. ష కింద ఠ బుద్ధిగా వచ్చి కూర్చుంది. అత్త లేవలేదు. సంచిలోంచి వ్యాపారి రాసిచ్చిన కాగితం తీసి, శుభలేఖ మొత్తం అక్కడే కొట్టింది. వెనక కొనేవాళ్లు వరుస కట్టారు. ఆ వరుస కోఠి దాకా పోయిందని తర్వాత ఎవరో చెప్పారు, నేనే చెప్పాను. అది పూర్తయ్యాకే ఆ కంప్యూటర్‌కు డబ్బు కట్టింది.

సాయంత్రం వ్యాపారి వచ్చాడు. ప్రింటు చేతికిస్తే ఒక్క వాక్యం చదవలేదు. కింద మూలనున్న క్యూఆర్ గళ్ల బొమ్మ మీద ఫోను పెట్టి, "మ్యాప్ ఓపెన్ అయితుంది గద? చాలు, ప్రెస్‌కు పంపుండ్రి," అని వెళ్లిపోయాడు. నేను కుర్చీలోంచి లేచాను. ఆ ఠ కోసం పొద్దంతా పడ్డ పాటు ఈ మనిషి మెడ పట్టి చూపించాలనిపించింది.

అత్త మాత్రం కొత్త తెర మీద దుమ్ము లేకపోయినా కొంగుతో తుడుస్తూ అంది: "కూసోరా. ఆయన ఎందుకు చదువుతడు? ఆయనకు వంటోళ్లు, కారోళ్లు, వెయ్యి పరేషాన్లు. ఆ పిల్ల దాస్కుంటది. ఎప్పుడో బీరువా సదిరేటప్పుడు నిలబడి చదువుతది."

పెళ్లి ఒక్క పూటలో అయిపోతుంది, కంప్యూటర్ నాలుగేళ్లకు పాతబడుతుంది. సరిగ్గా కుదిరిన అక్షరం ఒక్కటే, చదివే మనిషి వచ్చేదాకా కాలాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తీరిగ్గా ఎదురుచూస్తుంది.