మగ సవతి

నా పుట్టిల్లు ప్రకాశం జిల్లా, అత్తిల్లు గుంటూరు జిల్లా. రెండింటి నడుమా ఎటు చూసినా నల్లరేగడే. ఆ రేగట్లో పత్తి తీసేదీ, మిరపకాయ కోసేదీ, కల్లంలో కాయ తిరగేసి తిరగేసి సాయంత్రానికి మండే చేతుల్ని మజ్జిగలో ముంచుకు కూర్చునేదీ మా ఆడవాళ్లు. దేశదేశాల్లో పేరు మాత్రం ఎవరికి? ఎద్దుకి! ఒంగోలు అని ఎక్కడైనా అనండి, వినేవాళ్లకి మూపురమే గుర్తొస్తుంది. మా అమ్మలాంటి వాళ్లు కూడా అక్కడే పుట్టారని ఎవరికీ తట్టదు.

నా కుళ్లు నేనేం దాచుకోను. మా ఇంట్లోనూ ఒక గిత్త ఉండేది. దున్నడానికి ట్రాక్టరొచ్చి నాగలి మూలపడి చాలా కాలమైంది. ఆ గిత్త ఉన్నది బండలాగుడు పందేల కోసమే. పొద్దున లేవగానే మా ఆయన చూసేది దాని మొహం. గోరువెచ్చని నీళ్లతో కడిగి, తువ్వాలుతో ఒళ్లు ఒత్తి, గంగడోలు నిమురుతూ ఏవేవో కబుర్లు చెప్పేవాడు. ఏడాది మొత్తంలో నాతో అన్ని మాటలు మాట్లాడి ఉండడు.

నాకు జ్వరమొస్తే గుమ్మంలోంచే మాత్ర వేసుకోమని చెప్పి పోయేవాడు. గిత్త ఒక్క పూట కుడితి తాగకపోతే పశువుల డాక్టరు వచ్చేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టేవాడు కాదు. బాదంపప్పులు దానికి, వాటిని నానబోసి పొట్టు తీసే పని నాకు. నాకు చీర ఎప్పుడు కొన్నాడో ఆయనకే గుర్తుండదు గానీ, దాని కొమ్ములకి ఇత్తడి కుప్పెలు ఎప్పుడొచ్చాయో ఊరందరికీ తెలుసు. నాడాలు కొట్టడానికి వచ్చే సాయిబుగారైతే నన్ను చూడగానే మొదలుపెట్టేవాడు.

"ఏం చెల్లెమ్మా, మగ సవతి బాగుందా?"

అందరూ నవ్వేవాళ్లు. ఒళ్లు మండుతున్నా నేనూ నవ్వేదాన్ని.

పోనీ దాని చాకిరీ అయినా తప్పిందా నాకు? ఉలవలు ఉడకేసేది నేను, తవుడు కలిపేది నేను, గంప తెచ్చి దాని మూతి ముందు పెట్టేది నేను. ముద్దుచేసేది ఆయన. దానికి మేత పెట్టిన ప్రతిసారీ నా కడుపుమంటంతా దాని మొహాన్నే వెళ్లగక్కేదాన్ని. అది చెవులాడిస్తూ శుభ్రంగా తినేది.

పోయిన ఏడు దాని జత గిత్త జబ్బుచేసి పోయింది. ఒంటి ఎద్దుకి పందెం లేదు. ఇది కాడికి ఎడమవైపు నడవడం నేర్చింది. కుడివైపు నడిచేది దొరకాలి, ఎత్తు కలవాలి, అడుగు కలవాలి. ఆయన తిరగని ఊరు లేదు. చివరికి ఒంగోలు అవతల ఒక రైతు దగ్గర సరిగ్గా అలాంటి ఒంటి గిత్తే ఉందని తెలిసింది. ఆ రైతు తనది అమ్మేది లేదన్నాడు. కట్టుగొయ్యకి ఊరికే కట్టేసి ముసలిదాన్ని చెయ్యడం ఇష్టం లేక మా ఆయనే తగ్గాడు. గిత్తను ఆ రైతుకే అమ్మేశాడు.

మా వైపు పశువును అమ్మినా దాని పలుపు ఇవ్వరు. తాడు పోతే కొట్టంలో లక్ష్మి పోతుందంటారు. కొన్నవాళ్లు కొత్త తాడు తెచ్చి కట్టుకుని వ్యానెక్కించారు. ఆయన పాత పలుపు పట్టుకుని వీధి మలుపు దాకా చూస్తూ నిలబడ్డాడు. నేను గిత్తకి బొట్టుపెట్టి సాగనంపి, లోపలికొచ్చి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇక ఈ మనిషి నా మనిషనుకున్నాను. ఆయనకిష్టమని గోంగూర పప్పు చేసి, కొత్త కొరివికారంలో వెన్న వేసి పెట్టాను. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుని, పోయి కొట్టంలో కూర్చున్నాడు. ఖాళీ కొట్టంలో! ఎద్దు ఎదురుగా ఉంటే దాన్ని తిట్టుకోవచ్చు. లేని ఎద్దుతో ఏం పోట్లాడను?

కొన్నాళ్లకే వాళ్ల దగ్గర్నుంచి ఫోనొచ్చింది, గిత్త మేత ముట్టడం లేదని. ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే బస్సెక్కాడు. మర్నాడు పొద్దున నాకు ఫోను చేశాడు.

"నువ్వు రా," అన్నాడు.

పాత తాడు లేక బెంగపడిందేమో అనుకుని, పలుపు తెమ్మంటారా అని అడిగాను.

"పలుపెందుకే? నువ్వు కావాలి. నువ్వొస్తేగానీ కాదు."

ఎందుకని అడగలేదు. అడగాలనిపించలేదు. మడత విప్పని చీర కట్టుకుని, పూలు కొనుక్కుని బస్సెక్కాను. చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్కన ఎర్రగా పరిచిన కల్లాలు, పత్తి కట్టె పీకుతున్న చేలు, ఇంకా ముందుకెళ్తే పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, నల్లరాయి మోసుకుపోయే లారీలు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్నవే. ఆ రోజు మాత్రం అన్నీ ముచ్చటగా కనిపించాయి.

దిగి వెళ్లాను. ఆయన నా చీర వంక చూడలేదు. ఉలవల గంప తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"నేను పెడితే తినట్లేదు. నువ్వు పెట్టి చూడు," అన్నాడు.

గిత్త డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. నా ముంజేతిని వాసన చూసింది, గంపలో మూతి పెట్టింది, నమలడం మొదలుపెట్టింది. ఆ ఇంటివాళ్లు అమ్మయ్య అనుకున్నారు. నేను ఆయన మొహం చూశాను. దవడ బిగించి, చూపు పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు. ఆ కుళ్లు ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

సంబరపడ్డాను, ఎందుకు పడను? తగిన శాస్తి జరిగిందనుకున్నాను. తిరుగు బస్సులో ఆయన నా పక్కనే కూర్చుని మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో నువ్వు కావాలని ఆ మనిషి నోట విన్నది ఆ ఒక్కసారే. అదీ దాని కోసమే.